చివరి సైకిలు వెనక ఎవరు?

వరుస అన్నాక ఎవరో ఒకరు చివర ఉండక తప్పదు. మరి చివర ఉండటం ఆ మనిషి చేసిన పనా, వరుస చేసిన పనా?

ఇప్పలగుట్ట అటవీ డివిజన్ కార్యాలయపు బెంచీ మీద కూర్చుని దత్తాద్రి తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది. ముప్పై ఒక్క సంవత్సరాలు జూనియర్ కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి కనుక, ఏ ప్రశ్ననైనా ఇలా రెండుగా చీల్చి చూస్తే గాని అతనికి తోచదు. చేతిలో ఒక ఫారం ఉంది. అందులో పద్నాలుగు గడులు. తొమ్మిదో గడి దగ్గర కలం ఆగి పావుగంటయింది. అక్కడ 'సంఘటనకు మూలకారణం' అని అచ్చు వేసి ఉంది.

సంఘటన చిన్నది. కార్తీకం వచ్చి చలి ముదిరిందంటే ఆ ఊళ్ళో ఏడుగురు మనుషులు ఆదివారం తెల్లవారగానే లావు టైర్ల గేరు సైకిళ్ళెక్కి టేకు అడవిలోకి వెళతారు. అడవి గేటు దగ్గర మొదలై, గుట్టను చుట్టి, వాగు దాటి, మళ్ళీ ఆ గేటు దగ్గరే తేలే ఆరు కిలోమీటర్ల కాలిబాట అది. అంగన్‌వాడీ సూపర్‌వైజర్ గంగామణి అందరికంటే ముందుంటుంది. సైకిల్ షాపు అజ్మత్ మధ్యలో ఉండి, ఎవరి గొలుసు ఊడితే వారి దగ్గర ఆగుతాడు. దత్తాద్రి చివర.

అరవై మూడేళ్ళ వయసు కాబట్టి చివర ఉంటాడని అందరూ అనుకుంటారు. ఆ అపోహను అతను ఎన్నడూ దిద్దలేదు. అసలు సంగతి వేరు. సైకిళ్ళు వెళుతున్నంతసేపూ అడవి నోరు మూసుకుని ఉంటుంది. ఆరు సైకిళ్ళు దాటిపోయి ఏడోది కాస్త వెనకబడితే, బిగబట్టిన ఊపిరిని మెల్లగా వదులుతుంది. ముందు ఒక పిట్ట గొంతు సవరించుకుంటుంది. దానికి ఇంకొకటి జవాబిస్తుంది. ఎండుటాకుల మీద ఏదో నడుస్తుంది. తాను లేనట్టే అడవి తన పని చేసుకుపోయే ఆ కాసేపటి కోసం దత్తాద్రి వారమంతా ఎదురుచూస్తాడు. చలి శివరాత్రికి శివశివా అంటూ పోయేలోపు అలాంటివి ఏడాదికి పద్నాలుగు ఆదివారాలే దక్కుతాయి.

మొన్నటి ఆదివారం పొగమంచు దట్టంగా దిగింది. వాగు దగ్గర దత్తాద్రి సైకిలు ఆపి ఒక రాతి మీద కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో అతనికి తెలియదు. గేటు దగ్గర మిగతా ఆరుగురూ టీ తాగి, రెండో టీ కూడా తాగి, చివరికి కంగారుపడి చెక్‌పోస్టులో చెప్పారు. అటవీ వాచర్ ఆత్రం భీమ్‌రావ్ అడ్డదారిన నడిచి వచ్చి అతన్ని కనుక్కున్నాడు.

"తొవ్వ తప్పిండ్రా సార్?"

"లేదు భీమ్‌రావ్. తొవ్వ మీదనే ఉన్న. కూసున్న, అంతే."

"గంతేనా! పాండ్రి మరి, అక్కడ మీ టీ సల్లారుతున్నది."

భీమ్‌రావ్‌కు అది అంతటితో అయిపోయింది. కార్యాలయానికి కాలేదు. చెక్‌పోస్టు రిజిస్టరులో అప్పటికే 'వ్యక్తి అదృశ్యం' అని రాసేశారు. అదృశ్యమైన వ్యక్తి స్వయంగా హాజరై తన అదృశ్యానికి కారణం రాసి ఇస్తే తప్ప ఫైలు మూతపడదు.

అందుకే ఈ తొమ్మిదో గడి. మంచు కారణం అందామా? మంచు ఏడుగురి మీదా సమానంగా దిగింది, ఆరుగురు అదృశ్యం కాలేదు. తాను ఆగడం కారణమా? దారిలో అజ్మత్ కూడా రెండుసార్లు ఆగాడు, అతన్ని ఎవరూ వెతకలేదు. ఎందుకు వెతకలేదు? అతను ఆగడం వెనకున్నవారు చూశారు కనుక. దత్తాద్రికి సమాధానం దొరికింది. పిల్లల జవాబు పత్రాల మీద రాసినంత శ్రద్ధగా రాశాడు: 'నేను ఆగినట్టు ఎవరూ చూడలేదు. ఎందుకనగా, నా వెనక ఎవరూ లేరు.'

వాక్యంలో దోషం లేదు. దోషం లేని వాక్యాన్ని ఒక కార్యాలయం చేతిలో పెట్టడంలోనే ఉంది.

తొమ్మిది రోజుల తర్వాత ఏడుగురికీ పిలుపు వచ్చింది. డివిజనల్ అధికారి పరాంకుశం ఉత్తర్వును స్వయంగా చదివి వినిపించారు. ఆయనకు ఏ కాగితమైనా నిలబడి చదివే అలవాటు ఉంది. వినేవారు కూడా నిలబడాలని ఆయన ఎన్నడూ అనలేదు, కానీ ఆ గదిలో రెండో కుర్చీ లేదు.

"పై సూచికలో పేర్కొన్న సంఘటనను కూలంకషంగా పరిశీలించిన మీదట, అటవీ బాటలపై తప్పిపోయే ప్రతి వ్యక్తీ, తప్పిపోవు సమయానికి తన వెనక ఎవరూ లేని స్థితిలో ఉండుట నిర్ధారణ అయినది. కావున ఇందుమూలంగా ఆదేశించడమేమనగా, శీతకాల సామూహిక సైకిల్ విహారంలో పాల్గొను ఏ వ్యక్తీ తన వెనక మరొక వ్యక్తి లేకుండా ఉండరాదు. ఇరువురి మధ్య దూరం పది మీటర్లకు మించరాదు. ప్రతి వ్యక్తీ తన వెనకనున్న వ్యక్తి కదిలినట్టు కళ్ళారా చూచిన తరువాతనే తాను కదలవలెను. ఉల్లంఘించినచో ఆ ఋతువుకు విహార అనుమతి రద్దగును."

అజ్మత్ చెయ్యెత్తాడు. "సార్, ఆఖరోని ఎనక ఎవరుండాలె?"

"శాఖ ఉంటుంది," అన్నారు పరాంకుశం. "పౌరుల వెన్ను కాయడం శాఖ ప్రథమ కర్తవ్యం."

ఆ మాటతో శాఖ వచ్చింది. మరుసటి ఆదివారం దత్తాద్రి వెనక పది మీటర్ల దూరంలో డిపార్ట్‌మెంటు మోపెడ్ మీద భీమ్‌రావ్ బయలుదేరాడు. నలభై ఏళ్ళుగా ఆ అడవిలో చెప్పుల చప్పుడు కూడా వినిపించకుండా నడిచిన మనిషి, ఆ మోపెడ్ మీద కూర్చుని చేసిన చప్పుడుకు గుట్ట అవతలి కోతులు ఊళ్ళోకి వలస వెళ్ళాయి.

"నన్ను తిట్టుకోకుండ్రి సార్," అన్నాడు వాగు దగ్గర. "నడుసుకుంట వస్తనన్న. మోపెడ్ ఇచ్చినం గదా, పెట్రోలు పోసినం గదా, నడిపి తీరాలె అన్నరు."

"నీ తప్పేముంది భీమ్‌రావ్. నేనే ఒక మాట రాసిన."

"ఏం రాసిండ్రు?"

"నిజం."

భీమ్‌రావ్ జాలిగా చూశాడు. "మస్తు సదువుకున్నరు, ఏం ఫాయిద సార్!"

ఆ రోజు పిట్ట మాట్లాడలేదు. ఆ వారంలోనే తనిఖీ విభాగం నుంచి అభ్యంతరం వచ్చింది. సదరు వాచర్ కూడా వ్యక్తియే అయినందున, అతని వెనక ఎవరున్నారో తెలుపవలసిందిగా కోరారు. అందుచేత తర్వాతి ఆదివారం భీమ్‌రావ్ వెనక మోటారు సైకిలు మీద ఒక బీట్ అధికారి వచ్చాడు. ఆయన వెనక జీపు. జీపులో ఉన్నవారూ వ్యక్తులే గనుక దాని వెనక అంబులెన్సు. అంబులెన్సు వెనక, దానికి పంక్చరైతే బాగుచేయడానికి ఒక ట్రాలీ. కాలిబాటలో జీపు పట్టదు కాబట్టి రెండు వైపులా తునికి పొదలు నరికారు. అడవి పరిరక్షణ నిబంధనలకు అది 'తాత్కాలిక సడలింపు' అని గేటుకు నోటీసు అంటించారు.

నాలుగో ఆదివారం వచ్చేసరికి ముందు ఏడు సైకిళ్ళు, వెనక అంతులేని వాహనాలు. గుట్ట చుట్టి గేటు దగ్గరికి తిరిగొచ్చిన గంగామణికి, ఇంకా లోపలికి వెళ్ళడానికి తన వంతు కోసం ఎదురుచూస్తున్న మంచినీళ్ళ ట్యాంకరు కనిపించింది. ఆమె బ్రేకు వేసి దాని వెనక నిలబడింది. ఆమె వెనక ఆగిన అజ్మత్ పగలబడి నవ్వాడు.

"గంగామణక్కా, సూసినవా! మనం ముందటికి పోయి పోయి, ఆఖరి బండి ఎనకకు వచ్చినం."

"నవ్వకు అజ్మత్ భాయ్. ఈ ట్యాంకరాయన నన్నే అడుగుతుండు, మేడం, నా ఎనక డ్యూటీ మీదేనా అని!"

ఆ నవ్వు ఆఫీసు దాకా వెళ్ళింది. వాహనాల కొరత వల్ల డివిజన్‌లో మిగతా పనులన్నీ ఆగిపోయినందున పరాంకుశం సమీక్షా సమావేశం పెట్టారు. దత్తాద్రికి ప్రత్యేక ఆహ్వానం వచ్చింది. ఈసారి రెండో కుర్చీ కూడా వేశారు.

"దత్తాద్రి గారూ, మీరు తర్కం బోధించినవారు. సమస్యకు మూలమైన వాక్యం కూడా తమదే. ఈ చివర అనునది ఎక్కడ ఆగును?"

"ఆగదండీ," అన్నాడు దత్తాద్రి. "తర్కంలో దీన్ని అనవస్థ అంటారు. ఒకదానికి ఆధారంగా ఇంకొకటి, దానికి ఆధారంగా మరొకటి. ఎంత దూరం వెళ్ళినా నిలకడ ఉండదు. అలాంటి దోషం వచ్చిందంటే మొదటి మాటే తప్పని ఒప్పుకుని వెనక్కి రావాలి."

"ఉత్తర్వు వెనక్కి రాదు," అన్నారు పరాంకుశం సౌమ్యంగా. "మరొక మార్గం?"

ఇక్కడ దత్తాద్రి రెండో పొరపాటు చేశాడు. మూర్ఖపు వాదాన్ని ఖండించడానికి తరగతిలో అతను వాడే పద్ధతి ఒకటుంది. ఆ వాదాన్ని కాదనకుండా, చెయ్యి పట్టుకుని, నవ్వు వచ్చే చోటు దాకా నడిపించి అక్కడ వదిలేయడం. ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ కుర్రాడూ ఆ చోటు నుంచి సిగ్గుపడకుండా తిరిగి రాలేదు.

"ఒకటే మార్గం," అన్నాడు. "బాట గుండ్రంగానే ఉంది కదా. ఆరు కిలోమీటర్లు. పది మీటర్లకొకరు చొప్పున ఆరు వందల మందిని చుట్టూ నిలబెట్టండి. అప్పుడు ప్రతివాడి వెనకా ఒకడుంటాడు. చివర అనేదే ఉండదు."

దత్తాద్రి నవ్వు కోసం ఎదురుచూశాడు.

"రాసుకోండి," అన్నారు పరాంకుశం గుమాస్తాతో. "గుండ్రముగా."

కొన్ని చోట్ల వాదాన్ని నవ్వులపాలయ్యే దాకా తీసుకువెళితే, అక్కడివారు వెనక్కి తిరగరని, అక్కడే గుడారాలు వేస్తారని దత్తాద్రికి ఆ వయసులో తెలిసింది.

పుష్యమాసంలో ఒక ఆదివారం నిర్ణయమైంది. ఆరు వందల మందిని విధిగా స్వచ్ఛందంగా సమీకరించారు. ఉపాధ్యాయులు, పొదుపు సంఘాల మహిళలు, మూడు మండలాల పంచాయతీ సిబ్బంది, వ్యాయామశాల యువకులు వచ్చారు. గేరు సైకిళ్ళు ఊళ్ళో ఏడే ఉన్నాయి. మిగతావారు పాల సైకిళ్ళు, పిల్లల సైకిళ్ళు, పెళ్ళికి పెట్టిన సైకిళ్ళు తెచ్చారు. సైకిలు లేనివారు సైకిలు ఉన్నట్టు భావించి నిలబడవచ్చునని మూడో వివరణలో తెలిపారు.

వీపుకు కట్టుకునే అంకెల దగ్గర చిక్కు వచ్చింది. ఆరు వందలు అనే అంకె ఇస్తే ఆ మనిషి చివరివాడని అర్థం వస్తుంది. అది ఉత్తర్వుకు విరుద్ధం. అందుచేత అందరికీ ఒకటే అంకె ఇచ్చారు, ఒకటి. అప్పుడు ముఖ్య అతిథి సమస్య మొదలైంది. రాజధాని నుంచి వస్తున్న పెద్దమనిషి అందరికంటే ముందుండాలి. గుండ్రంలో ముందు ఎక్కడ? పరాంకుశం రెండు రాత్రులు నిద్రపోలేదంటారు. చివరికి బాటకు అడ్డంగా ఒకచోట షామియానా వేయించి, ముఖ్య అతిథిని దాని కింద సైకిలు మీద కూర్చోబెట్టి, షామియానా ఎక్కడుంటే అదే ముందని ఉత్తర్వు ఇచ్చారు.

ఏడు గంటలకు ఈల మోగింది.

దత్తాద్రి చోటు వాగు దగ్గర పడింది. అతని ముందు అజ్మత్, వెనక గంగామణి. నిబంధన ప్రకారం ఆరు వందల మందీ వెనక్కి తిరిగి చూశారు. తమ వెనకున్నవారు కదలడం కళ్ళారా చూడాలి కదా. వెనకున్నవారు కూడా తమ వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఆరు కిలోమీటర్ల పొడవునా పొగమంచులో ఒక్క ముఖం కూడా ముందుకు లేదు.

ఎనిమిదయింది. ఎవరూ కదలలేదు.

"సార్, జర కదలండ్రి," అన్నాడు అజ్మత్ మెడ తిప్పకుండా, అంటే వెనక్కే చూస్తూ. "కాళ్ళు గడ్డ కట్టినయి."

"గంగామణి గారు కదిలితే నేను కదులుతాను."

"నా ఎనక హెడ్‌మాస్టర్ కదలాలె గద సార్," అంది గంగామణి. "ఆయన ఎనక ఉన్నామెకు సైకిలే లేదు. కదిలిందో లేదో ఎట్ల తెలుస్తది?"

తొమ్మిదయింది. ఎండ రాలేదు. ఎవరికో మెడ పట్టేస్తే అంబులెన్సు పిలిచారు. బాట నిండా మనుషులుండటంతో అది గేటు దగ్గరే ఆగింది. మనుషులు తప్పుకుంటే పది మీటర్ల నిబంధన తప్పుతుంది. దత్తాద్రి కళ్ళు మూసుకుని చెవులు రిక్కించాడు. దగ్గులు, ముక్కు చీదడాలు, పళ్ళ కటకట. తను వెనకబడి విన్న అడవి ఇందులో ఎక్కడో ఊపిరి బిగబట్టుకుని ఉంది. ఇన్ని వందల మంది కదలకపోతే అది ఇంకెంతసేపు బిగబట్టాలి?

మైకు గరగరలాడింది. పరాంకుశం గొంతు గుట్ట చుట్టూ తిరిగి వచ్చింది.

"మిత్రులారా! రెండు గంటల కాలంలో ఏ ఒక్క వ్యక్తీ తప్పిపోలేదు. శాఖ చరిత్రలో ఇది అపూర్వమైన విజయం. ముఖ్య అతిథి గారు మిక్కిలి సంతోషించి, ఈ కార్యక్రమమును శివరాత్రి వరకు ప్రతి ఆదివారమూ, అదేవిధంగా ఇకమీదట ప్రతి శీతకాలమూ నిర్వహించవలసిందిగా ఆదేశించారు."

చప్పట్లు కొట్టాలంటే హాండిల్ వదలాలి, అందుకని ఎవరూ కొట్టలేదు.

ప్రతి శీతకాలమూ. దత్తాద్రి లెక్క వేయకుండానే లెక్క తేలింది. తనకిక ఎన్ని చలికాలాలు మిగిలాయో అన్నీ ఈ వాగు దగ్గర మెడ తిప్పి గంగామణి ముఖం చూస్తూ గడిచిపోతాయి. పాపం ఆమె ముఖం మంచిదే. కానీ తాను వచ్చింది ముఖాల కోసం కాదు. ఇంతమందీ నిలిచిపోయింది తాను రాసిన ఒక్క వాక్యం మీద. ఆ వాక్యాన్ని మళ్ళీ మనసులో చదువుకున్నాడు. 'నా వెనక ఎవరూ లేరు.' కార్యాలయం దాన్ని ఫిర్యాదు అనుకుంది. తానూ తొమ్మిదో గడి నింపే తొందరలో అలాగే అనుకున్నాడేమో! అది ఫిర్యాదు ఎప్పుడైంది? అది తన భాగ్యం కదా.

భీమ్‌రావ్ వరుస పక్కన నడుస్తూ అటువైపు వచ్చాడు. ఈసారి మోపెడ్ లేదు. అది షామియానాకు జనరేటరు మోయడానికి పోయింది.

"భీమ్‌రావ్," అన్నాడు దత్తాద్రి, "ఎనకున్నోడు కదిలితే కదలాలె అని రాసిండ్రు. ఎటు కదలాలె అని రాసిండ్రా?"

భీమ్‌రావ్ ఆలోచించాడు. "ఎటో రాయలే సార్. కదిలితె సాలు."

దత్తాద్రి సైకిలు దిగాడు. హాండిల్ పట్టుకుని, బాట అంచు దాటి, నరికేసిన తునికి మొదళ్ళ మీదుగా నాలుగు అడుగులు పక్కకు వేసి, ఆనాడు కూర్చున్న రాతి దగ్గర నిలబడ్డాడు.

"యా అల్లా, సార్ కదిలిండు!" అని అరిచాడు అజ్మత్, పెడలు మీద లేచి నిలబడి. అతను కదలగానే అతని ముందున్న గ్రామ కార్యదర్శి కదిలాడు. ఆయన ముందున్నామె కదిలింది. మంచులో ఆ కదలిక ఒకరి నుంచి ఒకరికి పాకుతూ గేటు దాటింది, షామియానా కింద ముఖ్య అతిథిని కదిలించింది, గుట్ట చుట్టింది. అరగంటకు అవతలి వైపు నుంచి తిరిగొచ్చి హెడ్‌మాస్టరును కదిలించి గంగామణి దగ్గరికి చేరింది.

"సార్, మీరు వరుసల లేరు," అంది ఆమె అతన్ని దాటుతూ. "పర్మిషన్ పోతది."

"నా ఒక్కడిది గదా, పోనీ. మీరు పోండ్రి."

"మీ ఎనక ఎవరుంటరు మరి?"

దత్తాద్రి నవ్వాడు. ఆమెకు కూడా నవ్వు వచ్చింది. అప్పటికి ఏదో అర్థమైనట్టు వెనక్కి చూడటం మానేసి ముందుకు చూసి తొక్కింది.

ఒకసారి కదిలిన జనానికి గేటు దగ్గర పెట్టిన ఉప్మా పొట్లాలు దిక్కు చూపించాయి. గేటు చేరినవారు చేరినట్టే బయటికి మళ్ళారు. 'వలయము భగ్నమైనది, వలయము భగ్నమైనది' అని మైకు చాలాసేపు మొత్తుకుంది. తర్వాత దానిని కూడా ఎవరో కట్టేశారు. దత్తాద్రి ముందు నుంచి పాల సైకిళ్ళు, పిల్లల సైకిళ్ళు, సైకిలు ఉన్నట్టు భావిస్తూ పరుగెత్తేవారు వెళ్ళిపోయారు. ఎవరి మెడా వెనక్కి లేదు.

అందరూ వెళ్ళాక భీమ్‌రావ్ మిగిలాడు. జేబులోంచి ఒక కాగితం తీసి బెరుకుగా చాచాడు. అవే పద్నాలుగు గడులు.

"వరుస ఇడిసినోళ్ళతోని రాయించుకొని రమ్మని పెద్దసారు ఇచ్చిండు. తొమ్మిదోది తప్పకుండ నింపాలెనట."

దత్తాద్రి కాగితం తీసుకున్నాడు. జేబులో కలం ఉంది. కారణం కూడా ఉంది. ఇంతకుముందు రాసినదానికంటే నిజమైనది.

"నువ్వు ఉండి తీస్కపోతవా?"

"లే సార్. నేను ఉంటె మీ ఎనక ఒకడున్నట్టు అయితది." భీమ్‌రావ్ తలగుడ్డ బిగించుకున్నాడు. "మీరు కనబడలే అని చెప్త. నేను ముందటికి పోతున్న."

అతను ఎండుటాకుల మీద చప్పుడు చేయకుండా నడిచి మంచులో కలిసిపోయాడు. దత్తాద్రి కాగితం వైపు చూశాడు. తొమ్మిదో గడిలో ఏమి రాయాలో నిశ్చయించుకోవడానికి ఈసారి పావుగంట పట్టలేదు. వాగు అవతల ఒక పిట్ట గొంతు సవరించుకుంది. అతను ఫారాన్ని ఖాళీగానే నాలుగు మడతలు పెట్టి, సీటు మీద పేరుకున్న మంచు తడిని దానితో శుభ్రంగా తుడిచి, సైకిలెక్కాడు.